బీరువా అడ్డం

రేగులపాలెం,
17 మార్చి 2025.

జాస్మిన్ అక్కకు మహిమ వందనాలు.

ఇక్కడ మేమందరం దేవుని దయవల్ల క్షేమం. మీరు, బావగారు, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

రెండేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కంగారు పడకండి. ఎవరికీ ఏమీ కాలేదు. మామయ్యగారి బరియల్ రోజున అన్నదమ్ములిద్దరూ మాట తెంచుకున్నాక, మన ఫోన్లలో మన నంబర్లు కూడా వాళ్లే తీసేశారు కదా. పైగా నా ఫోన్ ఎప్పుడూ పిల్లల చేతిలోనే. వాళ్లకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే. మా అంగన్‌వాడీ ఆయా మొన్న గుంటూరులో పన్ను పీకించుకుని వచ్చి, చీటీ మీద మీ క్లినిక్ అడ్రసు చూపించింది. అందుకని అక్కడికే రాస్తున్నాను. జవాబు రాస్తే మా సెంటరుకే రాయండి, ఇంటికి వద్దు. చదవగానే దీన్ని పొయ్యిలో పెట్టండి.

అక్కా, మీ మరిది మీద నాకు అనుమానంగా ఉంది.

ఆదివారం గుడి నుంచి వచ్చి భోజనం చేయడం, లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకోవడం. జనవరి నుంచీ ఇదే వరస. క్వయర్ ప్రాక్టీసు కూడా మానేశారు. పెళ్లిళ్లు కాకముందు బావగారూ, ఈయనా కొట్టుకుంటూ ఆడుకునే గేమ్ డబ్బా ఉండేది చూడండి, అటక మీద పాత గోతాల కింద పడి ఉన్నదాన్ని దించి తుడిచారు. పిల్లల కోసమేమో అనుకుని సంతోషపడ్డాను. పిల్లల్ని ఆ గది ఛాయలకు రానివ్వరు!

తర్వాత అస్లాం వచ్చాడు. మీకు తెలుసుగా, వీళ్లిద్దరి చిన్ననాటి స్నేహితుడు, ఇప్పుడు ఊళ్లో నెట్ కనెక్షన్లు అతనే ఇస్తున్నాడు. ఈ డబ్బా మరీ పాతది, దీనికి వైఫై లేదు, వెనకాల వైరు పెట్టే చోటు మాత్రం ఉంది అన్నాడు. నెట్ పెట్టె చూస్తే హాల్లో ఉంది. మళ్లీ వారం రెండు కొమ్ములున్న చిన్న తెల్ల డబ్బా ఒకటి తెచ్చి లోపలి గదిలో పెట్టాడు. అది హాల్లో నెట్‌ని గాలిలో పట్టి, పొట్టి వైరు గుండా గేమ్ డబ్బాకు ఇస్తుందట. "మధ్యలో ఇనప సామాను అడ్డం పెట్టకు వదినా, సిగ్నల్ చచ్చిపోద్ది" అని నాకు జాగ్రత్తలు కూడా చెప్పి పోయాడు.

ఒక్కడే కూర్చుని ఆడుకునే ఆటకు నెట్ ఎందుకు? అడిగితే "ఆటకే" అంటారు. తలుపు దగ్గర చెవి పెట్టి విన్నాను. లోపల ఎవరూ లేరు. ఈయన ఒక్కరే "ఇటివ్వు, ఇటివ్వు" అంటున్నారు. నవ్వుతున్నారు. బయటికొచ్చేటప్పుడు ముఖం కడుక్కుని వస్తారు.

ఈ శనివారం నుంచి ఐపీఎల్. మా వీధిలో యలమందగారబ్బాయి ఈ బెట్టింగుల్లోనే మునిగిపోయి ఊరొదిలి పోయాడు. వాళ్లమ్మ కళ్లంలో మిరపకాయలు తిరగేస్తూ ఏడుస్తుంటే చూడలేకపోయాను. నా ఇల్లు కూడా అలా అవుతుందేమోనని భయంగా ఉందక్కా. బావగారికి ఎప్పుడైనా ఇలాంటి అలవాటు ఉండేదా? దాచకుండా చెప్పండి. రక్తం ఒకటే కదా.

మీ చెల్లెలు,
మహిమ


బ్రాడీపేట, గుంటూరు,
25 మార్చి.

చెల్లి మహిమకు,

నీ ఉత్తరం డాక్టరుగారి పుస్తకాల పార్సిల్‌తో పాటు వచ్చింది. ఎక్స్‌రే గదిలో నిలబడి చదివాను. చదివినంతసేపూ నీ గొంతు వినిపించింది. సంతోషం వేసింది, కోపమూ వచ్చింది. కోపం దేనికంటే, రక్తం ఒకటే అన్నావు చూడు, దానికి. మీ బావగారు ల్యాబ్‌లో పదహారేళ్లుగా పనిచేస్తున్నారు, ఒకరి చేత మాట పడలేదు.

కానీ నువ్వు రాశాక దాచడం దేనికి. ఇక్కడా అదే భాగోతం.

సంక్రాంతి సెలవుల్లో ఈయన రిపేరు షాపులో ఒక పాత గేమ్ డబ్బా కొని తెచ్చారు. పిల్లలు కొత్తది కావాలని ఎన్నాళ్లుగానో గోల చేస్తున్నారు. కొత్తవాటికి వైఫై లోపలే ఉంటుందనీ, ఈ గొడవలేమీ ఉండవనీ షాపతను కూడా చెప్పాడట. ఈయన వినలేదు. ఎవరో వాడి పడేసిన పాతదే కావాలని పట్టుబట్టారు. ఎందుకని అడిగితే "అలవాటు" అన్నారు. రెండేళ్లుగా ఇంట్లో పెదవి విప్పి నవ్వని మనిషి, ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని నవ్వుతున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే ఆట ఆపేస్తారు. మొన్న క్యాలెండర్ తిప్పి, మే పదకొండు ఆదివారమేనా అని అడిగారు. ఎందుకంటే "ఊరికే" అన్నారు. మామయ్యగారు పోయిన రోజు అది. ఊరికే అడిగే రోజు కాదు.

ఇంకో సంగతి. నువ్వు చెప్పిన అస్లామే ఇక్కడికీ వచ్చాడు. సామాను కొనడానికి వచ్చానని చెప్పి, మా ఇంట్లో భోంచేసి, ఈయన డబ్బాకు వైరు తగిలించి పోయాడు. రెండేళ్లుగా మా గుమ్మం తొక్కనివాడు ఇప్పుడెందుకు వచ్చినట్టు? మీ ఆయన సాల్మన్ పంపించాడా? మామయ్యగారి ఇంటి విషయంలో మీరేమైనా చేయబోతూ, మా ఇంట్లో ఏమనుకుంటున్నారో కనుక్కు రమ్మన్నారా? నేను ఏ మాటైనా ముఖం మీదే అడుగుతానని నీకు తెలుసు. ఉన్నదున్నట్టు రాయి.

జాస్మిన్


రేగులపాలెం,
2 ఏప్రిల్.

అక్కకు వందనాలు.

మనసులో భయం చెప్పుకుందామని మీకు రాస్తే, అది తెచ్చి నా మెడకే చుట్టారు. బాగుందక్కా. మామయ్యగారి ఇంటికి మేము సున్నం వేయించాం తప్ప ఒక ఇటుక కదిలించలేదు. బావగారి గది తాళం బావగారి దగ్గరే ఉంది. ఆ గది ముందు వసారా రోజూ నేనే ఊడుస్తాను. అనుమానం ఉంటే వచ్చి చూసుకోండి.

ఉత్తరం చించేద్దామనుకున్నాను. అస్లాం మీ ఇంటికి కూడా వచ్చాడన్న మాట దగ్గర ఆగిపోయాను. మనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నాం గానీ, అసలు దొంగ మధ్యలో ఉన్నాడు. మొన్న ఈయన అతనితో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. గేట్‌వే ఎంత, మాస్క్ ఎంత, సర్వర్ నంబరెంత అని అన్నీ అంకెలే! ఆటాడుకునేవాళ్లకు అన్ని అంకెలెందుకు? అక్కడ బావగారిని, ఇక్కడ ఈయన్ని బెట్టింగులో దింపి మధ్యలో వాడు కూర్చున్నాడు. నాకు ఇప్పుడు అనుమానం కాదు, రూఢి అయిపోయింది.

అడుగుదామంటే అతగాడు మొన్న స్తంభం మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని చీరాల ఆసుపత్రిలో పడ్డాడు. ఈయన రెండు పూటలా వెళ్లి చూసొస్తున్నారు. సొంత అన్న గడప తొక్కరు గానీ, స్నేహితుడికి మాత్రం క్యారేజీ మోస్తారు.

ఈస్టర్ అవగానే మా అన్నయ్యను పిలిపించి సంఘపెద్దల్లో పెడతాను. అక్కడా దారికి రాకపోతే పిల్లల్ని తీసుకుని మా అన్నయ్యతో వెళ్లిపోతాను. మీరు బావగారి సంగతి చూసుకోండి.

మహిమ

ఇది కూడా పొయ్యిలో పెట్టండి. పోయినసారిది పెట్టారా?


బ్రాడీపేట,
9 ఏప్రిల్.

మహిమా,

పెట్టాను. గ్యాస్ పొయ్యి మీద కాల్చబోతే కర్టెన్ అంటుకునేది. ఇకనుంచి సింకులో కాలుస్తాను.

ఇంటి గురించి నేనన్నది సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం నీ కళ్లలోకి చూసి తీసుకుంటాను. ఆ వసారా ఊడుస్తున్నావని మాత్రం నాకు తెలియదు.

ఈయన స్నానానికి వెళ్లినప్పుడు టీవీలో చూశాను. పచ్చటి మైదానం, ఫుట్‌బాల్ ఆట. క్రికెట్ కాదు. అయితే మాత్రం ఏమిటి, మా డాక్టరుగారి డ్రైవరు చెప్పాడు, ఈ రోజుల్లో కోడి ఎటు చూస్తుందన్నదాని మీద కూడా పందెం కడుతున్నారట.

తొందరపడి పెద్దల్లో పెట్టకు. నలుగురి నోళ్లలో పడ్డాక, తప్పు లేదని తేలినా మచ్చ పోదు. ఆ డబ్బా పగలగొట్టనూ వద్దు, పగలగొడితే ఫోన్‌లో మొదలుపెడతాడు. అతనికి తెలియకుండా ఆగిపోయే ఉపాయం ఏదైనా ఆలోచించు. నీకు నేర్పేదేముంది, పెళ్లైన కొత్తలో మామయ్యగారి చుట్టలు బియ్యం డ్రమ్ములో దాచినదానివి.

జాస్మిన్


రేగులపాలెం,
15 ఏప్రిల్.

అక్కకు వందనాలు.

ఉపాయం దొరికింది. మీరే నేర్పారనుకోండి.

అస్లాం ఆనాడు ఇనప సామాను సంగతి చెప్పాడని రాశాను కదా. శనివారం మీ మరిదిని పిలిచి, హాల్లో బీరువా వెనక గోడకు చెదలు పట్టాయి, లోపలి గదిలోకి జరుపుదాం అన్నాను. చెదలెక్కడున్నాయని ఆయన చూడను కూడా లేదు. ఎక్కడ పెట్టమంటావు అన్నారు. సరిగ్గా ఆ తెల్ల డబ్బాకు, హాల్లో నెట్ పెట్టెకు మధ్య గోడ ఉంది చూడండి, దానికి ఆనించమన్నాను. "వాస్తు చూసుకునే ఇంటి నుంచి వచ్చినట్టు మాట్లాడుతున్నావే" అని నవ్వుతూ, నాతో పాటు తానూ భుజం పెట్టి తోశారు. మా అమ్మ ఇచ్చిన ఇనప బీరువా, మీకు తెలుసుగా, నలుగురు పట్టాల్సినంత బరువు.

మట్టల ఆదివారం గుడి నుంచి వచ్చి భోంచేసి గదిలోకి పోయారు. నేను గుమ్మంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. వైరు మార్చారు, డబ్బా ఆపి మళ్లీ వేశారు. హాల్లోకి, గదిలోకి తిరిగారు. ఆసుపత్రిలో ఉన్న అస్లాంకు ఫోన్ చేస్తే, లైట్లు వెలుగుతున్నాయంటే ఇటు అంతా బాగున్నట్టే, అటువైపే ఏదో ఆగి ఉంటుందన్నాడట. చివరికి వచ్చి నా పక్కన కూర్చుని తనూ తొడిమలు తీశారు. చేతులు మండుతున్నా కళ్లు తుడుచుకున్నారు. మంటకేనేమో.

గెలిచాననే అనుకోవాలి. కానీ రాత్రి అన్నం సహించలేదు నాకు.

మహిమ


బ్రాడీపేట,
22 ఏప్రిల్.

మహిమా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదవకు.

మట్టల ఆదివారం ఈయన టీవీ ముందు కూర్చుని, పొద్దుగూకే దాకా ఆట మొదలుపెట్టలేదు. ఏమిటని అడిగితే "చూస్తున్నా" అన్నారు. ఎవరికోసమో చెప్పలేదు. ఈస్టర్ రోజు కూడా అంతే. చుట్టాలు వస్తే లేచి పలకరించలేదు. సాయంత్రం చేతిలోది విసిరేసి ఒకే మాట అన్నారు. "మళ్లీ మూసేశాడు."

ఎవరు, ఏం మూశారు అని అడిగాను. ఆయన లేచి వెళ్లాక టీవీ వంక చూశాను. ఆటగాళ్ల పేర్లుండే చోట రెండే పేర్లున్నాయి. ఒకటి జక్రయ్య-1. రెండోది జక్రయ్య-2, అది వెలిసిపోయి ఉంది.

చిన్నప్పుడు ఒకే డబ్బా మీద ఇద్దరూ ఆడుతూ తండ్రి పేరే పెట్టుకునేవాళ్లట. పెళ్లైన కొత్తలో ఈయనే చెప్పారు, నేను మర్చిపోయాను. మహిమా, మన ఇళ్లలో బెట్టింగూ లేదు, అస్లాం బుకీ కాదు. ఆ పిచ్చివాడు రెండు ఇళ్లకూ తిరిగి వైర్లు తగిలించింది వీళ్లిద్దర్నీ కలపడానికి. సాల్మన్ దగ్గరున్నది పాత డబ్బా, ఆ పాత ఆట. కొత్తది కొంటే దానితో కలవదు, అందుకే ఈయన పాతదే కావాలన్నారు. "ఇటివ్వు" అని సాల్మన్ అడిగింది బంతిని. ఇచ్చేది ఈయన. ఇద్దరూ ఒకే జట్టులో ఆడుతున్నారు. ఒక్క మాట అనుకోకుండా.

మధ్యలో నీ బీరువా, నా సలహా.

ఆ మే పదకొండు సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది. ఈ ఏడు మామయ్యగారి జ్ఞాపకార్థ కూడికకు రావాలనుకున్నారు. రాత్రి నేను కదిపితే "ఆ ఊరి పేరు ఎత్తకు" అన్నారు. ఈసారి గనక రాకపోతే ఇక ఎప్పటికీ రారు. నాకు ఆయన సంగతి తెలుసు. ముందు ఆ బీరువా జరిపించు.

ఇంకొకటి. రెండేళ్లుగా నా గొంతులో ఉన్నది అడుగుతున్నాను. గాలివానకు రోడ్లకు అడ్డంగా చెట్లు పడి, పని మీద వెళ్లిన మేము హైదరాబాదు నుంచి వచ్చేసరికి మన్ను వేస్తున్నారు. ఒక్క గంట ఆగలేకపోయాడా సాల్మన్? కొడుక్కి తండ్రి ముఖం చూపించకుండా పెట్టెకు మేకులు ఎందుకు కొట్టించాడు? స్మశానంలో అంతమందిలో ఈయన తిడుతుంటే ఒక్క మాటైనా ఎందుకు మాట్లాడలేదు?

జాస్మిన్


రేగులపాలెం,
28 ఏప్రిల్.

అక్కా,

మూడుసార్లు చదివాను. ఆయా చూస్తుందని బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

బీరువా మళ్లీ హాల్లోకి తోద్దామన్నాను. "అక్కర్లేదు, ఉండనీ" అన్నారు. గేమ్ డబ్బా అటక ఎక్కింది. తెల్ల డబ్బాను సొరుగులో పెట్టేశారు. "అటువాళ్లే ఆపేశారు. ఆయనకు కోపం తగ్గిందనుకున్నా, తగ్గలేదు" అన్నారు. ఎవరని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నేనే అడ్డం పెట్టానని చెబుదామని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మీ దగ్గర ఒప్పుకుంటున్నాను, ఆయన దగ్గర ధైర్యం చాలడం లేదు. అన్నయ్యను మాత్రం రావద్దన్నాను.

మీరు అడిగినది చెబుతాను. ఇది ఆయన ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఆ గాలివానకు స్తంభాలు కూలి ఊరంతా కరెంటు పోయింది. మామయ్యగారిని ఉంచిన ఐస్‌బాక్స్ ఆగిపోయింది. జనరేటర్ తెద్దామంటే రోడ్డు లేదు. మర్నాడు ఎండ చూశారుగా. మధ్యాహ్నానికి మామయ్యగారి ముఖం మామయ్యగారిది కాదక్కా. నన్ను కూడా బయటికి పంపేశారు. ఈయన ఒక్కరే లోపల ఉండి, గుడ్డ తడిపి తుడుస్తూ కూర్చున్నారు. చివరికి వడ్రంగిని పిలిచి మేకులు కొట్టమన్నారు. పాస్టర్‌గారు, పెద్దబ్బాయి ప్రేమ్‌చంద్ వస్తున్నాడు ఆగుదామంటే, "అన్న ఈ ముఖం చూడకూడదు అయ్యగారూ. ఆయన్ని నాన్న పాత ముఖంతోనే ఉండనివ్వండి" అన్నారు.

స్మశానంలో చెప్పొచ్చు కదా అని ఇంటికొచ్చాక నేను తిట్టాను. "చెబితే ఆ ముఖాన్ని ఊహించుకుంటాడు. తిట్టుకోనీ" అన్నారు.

చెప్పాలో వద్దో మీ ఇష్టం. నేను ఆయనకిచ్చిన మాట తప్పాను.

మహిమ


బ్రాడీపేట,
8 మే.

మహిమా,

చెప్పాను.

అన్నం తింటున్నవారు సగంలోనే లేచారు. కడుక్కుని వెళ్లి పడుకున్నారు. మర్నాడు పొద్దున "కరెంటు ఎంతసేపు పోయిందట?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. నిన్న సాయంత్రం స్కూటర్ మీద పెద్ద నల్ల వైరు చుట్ట వేసుకుని వచ్చారు. ఇదేమిటంటే, "గాలిని నమ్ముకుంటే ఇంతే. వైరు లాగాల్సిందే" అన్నారు.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు వస్తారు. నేను రావడం లేదు. వాళ్లిద్దరే ఉండనీ. బీరువా సంగతి నేను చెప్పలేదు, అది నీది. వంకాయ పచ్చిపులుసు చెయ్యి, ఆయనకు ఇష్టం.

జాస్మిన్


రేగులపాలెం,
12 మే.

జాస్మిన్ అక్కకు,

నిన్న పొద్దున మీ మరిది కుళాయి దగ్గర ముఖం కడుగుతున్నారు. భుజాన వైరు చుట్టతో బావగారు గేటు తీసుకుని వచ్చారు. ఈయన చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. రెండేళ్ల తర్వాత బావగారి నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "రూటర్ ఎక్కడుందిరా?"

ఈయన హాలు చూపించారు. బావగారు చూసి, గదిలోకి వెళ్లి బీరువా చుట్టూ తిరిగి, దీన్ని ఇక్కడ ఎవరు పెట్టారని అడిగారు. "మీ మరదలు. చెదలని" అన్నారు ఈయన. ఆ గోడకు చెదలు ఏ జన్మలోనూ లేవు. ఇద్దరూ నా వంక చూశారు. నేను వంటింట్లోకి పోయి పచ్చిపులుసు కలుపుతూ, అక్కడి నుంచే ఉన్నదంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. హాల్లోంచి బావగారి నవ్వు వినిపించింది, దాని వెనకే ఈయనది.

గుడి వేళ దాకా వైరు లాగారు. హాల్లోంచి తలుపు పైగా, బీరువా నెత్తి మీదుగా గదిలోకి. ఆ చివర పట్టుకో, లాగు, ఇంకొంచెం వదులు. అన్నీ వైరు మాటలే. గోడకు మేకులు కొట్టే వేళకు మాత్రం ఈయన చేతిలో సుత్తి ఆగిపోయింది. బావగారు చూశారు. "నువ్వు వైరు పట్టుకో, నేను కొడతా" అని సుత్తి తీసుకున్నారు.

ఆరాధన అయ్యాక అందరం సమాధి దగ్గరికి వెళ్లాం. పాస్టర్‌గారు ప్రార్థన చేసి వెళ్లిపోయారు. అస్లాం కర్రల మీద వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆ మనిషి గురించి నేను ఎన్నెన్ని రాశాను! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఈయన సమాధి మీద ఎండిన పూలు ఏరుతున్నారు. బావగారు పక్కన గొంతుకూర్చుని అడిగారు.

"ఏరా, ఆ ముఖం నువ్వొక్కడివే చూశావా?"

"ఒక్కణ్ణే అన్నా."

"నన్ను రానివ్వాల్సిందిరా. ఇద్దరం చూసేవాళ్లం."

అంతే. మీ మరిది అప్పుడు ఏడ్చారు అక్కా. మామయ్యగారు పోయిన రోజున కూడా ఏడవని మనిషి, అన్న భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

భోజనాలయ్యాక గది తలుపు తీసే ఉంచారు. అటక మీంచి డబ్బా దించారు, ఇద్దరికీ అదొక్కటే కదా, ఎవరు జక్రయ్య-1 కావాలని మళ్లీ పోట్లాట. బావగారి గది తాళం తీశాం, రాత్రి అక్కడే పడుకున్నారు. పొద్దున వెళ్తూ వెళ్తూ, వచ్చే నెల మీ అందర్నీ తీసుకొస్తానన్నారు. బీరువా మాత్రం కదపొద్దన్నారు, వైరు దాని మీదుగానే పోయిందట.

మీ నంబరు మళ్లీ నా ఫోన్‌లోకి వచ్చింది. ఫోన్‌లో అయితే ఏడుపే తప్ప మాట రాదని ఇలా రాస్తున్నాను. దీన్ని మాత్రం కాల్చకండి. మీరు వచ్చినప్పుడు తీసుకురండి, నా బీరువాలో దాస్తాను.

మీ చెల్లెలు,
మహిమ